బాబాయా, మామయ్యా? ఒక్క పేరు దగ్గర తేలే వరస

ప్రశ్న: నమస్కారమండీ. రెండేళ్లుగా మా ఇంటి వంశవృక్షం రాసుకుంటున్నాను. తాతగారి పెట్టెలో దొరికిన ఒక పాత కాగితంతో ఇది మొదలైంది. అందులో అందరికంటే పైన ఉన్న పెద్దాయన మా తాతగారికి తాత. ఈమధ్య ఒకాయన నాకు మెసేజ్ పెట్టారు. ఆ పెద్దాయన తనకు ముత్తాత అట. వాళ్ల తాతగారూ మా ముత్తాతా సొంత అన్నదమ్ములు. ఇంతవరకు మా కాగితంతో సరిపోయింది. అయితే కాగితంలో వాళ్ల తాతగారి కింద ఒకే ఒక్క పేరుంది. అది ఆడవాళ్లకీ మగవాళ్లకీ కూడా పెట్టుకునే పేరు. అమ్మ "నీకు బాబాయి అవుతాడు" అంటోంది. మేనత్త "బాబాయి ఎలా అవుతాడు, మామయ్య" అంటోంది. వివరాలన్నీ వంశవృక్షం ప్రోగ్రాంలో ఎక్కిస్తే "సెకండ్ కజిన్ వన్స్ రిమూవ్డ్" అని చూపించింది. కజిన్ అంటే అన్నో తమ్ముడో కదా? పైగా ఆయన నాకంటే రెండేళ్లు చిన్న. వీళ్లలో ఎవరు చెప్పింది నిజం? ఇకమీదట ఇలాంటివి నేనే తేల్చుకోవాలంటే ఎలా?

సమాధానం: ప్రోగ్రాం చెప్పింది నిజమే. అమ్మ, మేనత్త చెప్పినవాటిలో ఏదో ఒకటే నిజం. అది ఏదో తేల్చే వివరం మీ కాగితంలో లేదు, కానీ ఒక్క ఫోన్ చేస్తే తెలిసిపోతుంది. ఆ ఫోన్‌లో ఏం అడగాలో చివర్లో చెబుతాను. ఈలోగా లెక్క ఎలా వేయాలో నేర్చుకుంటే తర్వాత ఎవరిని అడగాల్సిన పనీ ఉండదు.

మీ టెన్షన్ అంతా రెండు ప్రశ్నలు కలిసిపోవడం వల్ల వచ్చింది. ఇద్దరు చుట్టాలు ఎంత దూరం అన్నది ఒక ప్రశ్న. ఒకరికొకరు ఏ వరస అన్నది వేరే ప్రశ్న. దూరం మెట్లు లెక్కపెడితే వస్తుంది. వరస తెలియాలంటే మెట్లతో పాటు, దారిలో ఉన్న ప్రతి మనిషీ ఆడా మగా అన్నది కూడా తెలియాలి. ఇంగ్లీషు మాటలు దూరాన్ని చెప్పి వరసను వదిలేస్తాయి. మన మాటలు వరసను గట్టిగా పట్టుకుని దూరాన్ని చాలావరకు వదిలేస్తాయి. "బాబాయి" అంటే నాన్నకు సొంత తమ్ముడు కావచ్చు, నాన్నగారి పెదతాత మనవడు కావచ్చు. మాట విని తేడా కనిపెట్టలేం. ముందు "వేలువిడిచిన" అని చేరిస్తే సొంతం కాదని తెలుస్తుంది, అంతే. ఎన్ని మెట్ల అవతలో తెలియదు. అందుకే ప్రోగ్రాం ఒకటి చెబితే ఇంట్లోవాళ్లు ఇంకొకటి చెబుతున్నట్టు మీకు అనిపించింది. నిజానికి వాళ్లు వేరువేరు ప్రశ్నలకు జవాబులిస్తున్నారు.

ముందు దూరం సంగతి. కాగితం ఎదురుగా పెట్టుకుని మీ పేరు మీద వేలు పెట్టండి. అక్కడి నుంచి నాన్నగారి పేరు మీదికి జరపండి, ఒకటి. తాతగారు, రెండు. ముత్తాత, మూడు. పెద్దాయన, నాలుగు. ఇప్పుడు మీ కొత్త చుట్టం పేరు మీద వేలు పెట్టి మళ్లీ మొదలుపెట్టండి. మీకు సందేహం ఉన్న ఆ పేరు, ఒకటి. ఆయన తాతగారు, రెండు. పెద్దాయన, మూడు. మీది నాలుగు, ఆయనది మూడు. ఇక్కడి నుంచి ఈ రెండు అంకెలతోనే పని.

లెక్క తప్పేవాళ్లు ఎక్కువగా తప్పేది రెండు చోట్ల. మొదటిది, వేలు జరగడాన్ని కాకుండా మనుషుల్ని లెక్కపెట్టడం. మిమ్మల్ని కూడా కలుపుకుంటే ఐదుగురు అవుతారు, లెక్క ఒకటి పెరిగిపోతుంది. వేలు బయల్దేరిన చోటు లెక్కలోకి రాదు, జరిగిన ప్రతిసారీ ఒకటి. రెండోది, ఇద్దరికీ ఉమ్మడి అయినవాళ్లలో అందరికంటే దగ్గరివాళ్ల దగ్గర ఆగకపోవడం. పెద్దాయన తండ్రి కూడా మీ ఇద్దరికీ ఉమ్మడి పూర్వీకుడే. ఆయన దాకా వెళితే ఐదు, నాలుగు వస్తాయి, అది తప్పు లెక్క. రెండు దారులూ మొట్టమొదట కలిసే చోట ఆగిపోవాలి.

ఇప్పుడు ఆ ఇంగ్లీషు మాట. రెండు అంకెల్లో చిన్నదాంట్లోంచి ఒకటి తీసేయండి. మూడులోంచి ఒకటి పోతే రెండు, అదే సెకండ్ కజిన్. రెండు అంకెలకీ ఉన్న తేడాయే "రిమూవ్డ్". నాలుగుకీ మూడుకీ తేడా ఒకటి, అదే వన్స్. చిన్న అంకె ఒకటి అయితే కజిన్ అన్న మాటే రాదు: ఒకటి, ఒకటి అయితే తోబుట్టువులు; ఒకటి, రెండు అయితే తోబుట్టువూ, తోబుట్టువు బిడ్డా. రెండు, రెండు అయితే ఫస్ట్ కజిన్స్. మేనత్త పిల్లలు, పిన్ని పిల్లలు, పెదనాన్న పిల్లలు అందరూ అందులోకే వస్తారు. "రిమూవ్డ్" అన్న మాట చూసి బంధం తెగిందనో, దూరమైపోయారనో అనుకోకండి. అది తరాల తేడా, అంతే. అయితే ఎవరు పై తరమో ఆ మాట చెప్పదు. మీరు ఆయనకు ఏమవుతారని ప్రోగ్రాంని అడిగినా ఇదే మాట చూపిస్తుంది. దాన్ని అంకెల్లోంచి మనమే చూసుకోవాలి. చిన్న అంకె ఉన్నవాళ్లు పై తరం. ఆయన మూడు, మీరు నాలుగు. మీ నాన్నగారి పేరు మీద వేలు పెట్టి మొదలుపెడితే ఆయనకూ మూడే. అంటే మీ నాన్నగారూ మీ కొత్త చుట్టమూ ఒకే తరం, ఒకరికొకరు సెకండ్ కజిన్స్. కాబట్టి ఆయన మీకు అన్నయ్యా కాదు, తమ్ముడూ కాదు. నాన్న తరం మనిషి. ఇంతవరకు అమ్మా మేనత్తా ఇద్దరూ సరిగ్గానే చెప్పారు.

ఎక్కడైనా ఇదే చుట్టరికాన్ని "ఏడో డిగ్రీ" అనో "నాలుగో డిగ్రీ" అనో చూస్తే కంగారుపడకండి. రోమన్ న్యాయం నుంచి వచ్చిన పద్ధతిలో రెండు వైపుల మెట్లూ కలుపుతారు, నాలుగూ మూడూ ఏడు. కేథలిక్ చర్చి పాత పద్ధతిలో పొడుగ్గా ఉన్న వైపు మాత్రమే చూసేవారు, అంటే నాలుగు. 1983లో వచ్చిన కొత్త చర్చి చట్టంతో వాళ్లు కూడా రెండు వైపులూ కలపడం మొదలుపెట్టారు. మనుషులు వాళ్లే, బంధమూ అదే, లెక్కపెట్టే తీరు ఒక్కటే మారింది. అందుకే ఎవరైనా "మాకు నాలుగో తరంలో చుట్టం" అంటే, ఎవరి దగ్గర మొదలుపెట్టి ఎవరి దాకా లెక్కపెట్టారో అడగాలి. ఇది అడగకుండా రాసుకున్న అంకె ఎందుకూ పనికిరాదు.

వయసు గురించి. మీకంటే రెండేళ్లు చిన్నవాడు నాన్న తరం ఎలా అవుతాడని మీరు అడగలేదు కానీ, ఆ ఆశ్చర్యం ఉత్తరంలో కనిపిస్తూనే ఉంది. పెద్దాయన 1900లో పుట్టారనుకుందాం. మీ కొమ్మలో ప్రతి తరంలోనూ సగటున 22 ఏళ్లకు బిడ్డ పుట్టారనుకుంటే, నాలుగు తరాలకు 88 ఏళ్లు. మీరు 1988లో పుడతారు. వాళ్ల కొమ్మలో సగటున 30 ఏళ్లు అనుకుంటే మూడు తరాలకు 90 ఏళ్లు. ఆయన 1990లో పుడతారు. మీ ముత్తాత పెద్దకొడుకై, వాళ్ల తాతగారు ఆఖరివాడైతే ఇలా జరగడంలో వింతేమీ లేదు. తరం వేరు, వయసు వేరు. కొమ్మ పొడుగయ్యేకొద్దీ రెండూ ఒకదాన్నొకటి వదిలేస్తాయి. వయసు చూసి తరం ఊహించడం దగ్గరి చుట్టాల్లో నడుస్తుంది, నాలుగైదు మెట్లు దాటాక అస్సలు నడవదు.

ఇక వరస. నాకు ఈ లెక్కల్లో అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే.

మొదటి ప్రపంచయుద్ధం నాటి ముగ్గురు రాజుల్ని తీసుకోండి. బ్రిటన్ రాజు ఐదో జార్జ్, రష్యా చక్రవర్తి రెండో నికొలస్, జర్మనీ చక్రవర్తి రెండో విల్‌హెల్మ్. ఇంగ్లీషులో రాసిన ఏ చరిత్ర తీసుకున్నా నికొలస్ జార్జ్‌కి ఫస్ట్ కజిన్, విల్‌హెల్మ్ కూడా జార్జ్‌కి ఫస్ట్ కజిన్. ఒకే మాట. ఇప్పుడు మన వరసల్లో చూడండి. జార్జ్ తల్లి అలెగ్జాండ్రా, నికొలస్ తల్లి డాగ్మార్. ఇద్దరూ డెన్మార్క్ రాజు తొమ్మిదో క్రిస్టియన్ కూతుళ్లు. అలెగ్జాండ్రా 1844లో, డాగ్మార్ 1847లో పుట్టారు. అంటే నికొలస్ జార్జ్‌కి పిన్ని కొడుకు. జార్జ్ 1865లో, నికొలస్ 1868లో పుట్టారు కాబట్టి తమ్ముడు. విల్‌హెల్మ్ సంగతి అలా కాదు. ఆయన తల్లీ, జార్జ్ తండ్రి ఏడో ఎడ్వర్డూ అక్కాతమ్ముళ్లు, విక్టోరియా రాణి పిల్లలు. అంటే విల్‌హెల్మ్ జార్జ్‌కి మేనత్త కొడుకు. 1859లో పుట్టాడు, పెద్దవాడు, కాబట్టి బావ. ఒక కజిన్ తమ్ముడయ్యాడు, ఇంకో కజిన్ బావ అయ్యాడు. దూరం ఇద్దరికీ ఒకటే, రెండు, రెండు. తేడా అంతా కన్నవాళ్లలో ఎవరు ఆడ, ఎవరు మగ అన్న దగ్గరే ఉంది.

ఈ తేడాను మన మాటలు ఎంత పద్ధతిగా పట్టుకుంటాయంటే, 19వ శతాబ్దంలో ల్యూయిస్ హెన్రీ మోర్గాన్ అనే అమెరికా న్యాయవాది ప్రపంచంలోని ఎన్నో భాషల చుట్టరికం మాటలు పోగుచేసి 1871లో అచ్చువేసినప్పుడు, ఆ పట్టికల్లో తమిళం, కన్నడంతో పాటు తెలుగు మాటలు కూడా ఉన్నాయి. ఆయన అంతకుముందు అమెరికా మూలవాసులైన సెనెకాల దగ్గర రాసుకున్న వరసలకీ తమిళ, తెలుగు వరసలకీ అంత పోలిక కనిపించడం ఆయన్ని ఆశ్చర్యపరిచింది. మనం చిన్నప్పటి నుంచీ పిలుస్తూ ఉండడం వల్ల ఇందులో ఒక లెక్క ఉందని గమనించం, కానీ ఉంది.

ఆ లెక్క ఇది. అన్నదమ్ముల పిల్లలు తమలో తాము తోబుట్టువుల వరస. అక్కచెల్లెళ్ల పిల్లలూ అంతే. ఒక అన్నా ఒక చెల్లీ అయితే, వాళ్ల పిల్లలు బావామరదళ్ల వరస. ఇది అందరికీ తెలుసు. చాలామంది తడబడేది ఆ కింది తరంలో. వరస తేలాల్సిన ఇద్దరినీ ఒకే తరంలోకి తెచ్చుకోండి. మీ విషయంలో మీ నాన్నగారూ ఆ కొత్త చుట్టమూ. ఇప్పుడు ఉమ్మడి పెద్దల పిల్లల దగ్గర మొదలుపెట్టి, ఆ ఇద్దరి తల్లిదండ్రుల దాకా, ప్రతి తరంలోనూ ఎదురెదురుగా ఉన్న ఇద్దరిని ఒక జంటగా చూడండి. ఎన్ని జంటల్లో ఒకరు ఆడ, ఒకరు మగ ఉన్నారో లెక్కపెట్టండి. ఆ సంఖ్య సున్నా గానీ సరిసంఖ్య గానీ అయితే ఇద్దరూ తోబుట్టువుల వరస. బేసిసంఖ్య అయితే బావామరదళ్ల వరస. ఎన్ని తరాలు కిందికి వచ్చినా ఇదే సూత్రం. నమ్మకం కుదరకపోతే ఇంట్లో మీకు బాగా తెలిసిన చుట్టాల మీద వేసి చూడండి. నాన్నగారికి మరదలి వరస అయినావిడ పిల్లలు మీకు అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ఎందుకయ్యారో, బావ వరస అయినాయన పిల్లలు మీకు బావలూ మరదళ్లూ ఎందుకయ్యారో అక్కడే అర్థమవుతుంది.

మీ కాగితం మీద ఇలాంటి జంటలు రెండే. మొదటి జంట మీ ముత్తాత, వాళ్ల తాతగారు. ఇద్దరూ మగవాళ్లే, లెక్కలోకి రారు. రెండో జంట మీ తాతగారు, మీకు సందేహం ఉన్న ఆ పేరు. ఆ పేరు మగాయనదైతే సంఖ్య సున్నా. మీ నాన్నగారూ ఆ కొత్త చుట్టమూ అన్నదమ్ములు, ఆయన మీకు బాబాయి, అమ్మ చెప్పిందే నిజం. ఆ పేరు ఆవిడదైతే సంఖ్య ఒకటి. ఇద్దరూ బావా బావమరదులు, ఆయన మీకు మామయ్య, మేనత్త చెప్పిందే నిజం. బహుశా మీ అమ్మగారు ఆ పేరు చదివి మగాయన అనుకుని ఉంటారు, మేనత్తగారు ఆవిడను చూసి అయినా ఉంటారు, ఆవిడ గురించి విని అయినా ఉంటారు. ఇది నా ఊహ మాత్రమే. ఎవరు ఏం చూసి అలా అన్నారో ఇద్దరినీ విడివిడిగా అడగండి.

ఆడా మగా మర్చిపోకుండా రాసుకోవడానికి ఒక మంచి పద్ధతి ఉంది. పూర్వీకులకు అంకెలు ఇవ్వడం. 1590లో మిహాయెల్ ఐట్సింగర్ అనే ఆస్ట్రియా ఆయన వాడాడు, 1676లో స్పెయిన్‌లో సోసా వాడాడు, 1898లో స్ట్రాడోనిట్జ్ అనే జర్మన్ వంశచరిత్రకారుడు దీన్ని అందరికీ తెలిసేలా చేశాడు. మీరు 1. ఎవరి తండ్రికైనా వాళ్ల అంకెకు రెట్టింపు, తల్లికి రెట్టింపు మీద ఒకటి. మీ నాన్నగారు 2, అమ్మ 3, నాన్నగారి నాన్న 4, నాన్నగారి అమ్మ 5, అలా. ఒకటిని పక్కన పెడితే సరి అంకెలన్నీ మగవాళ్లు, బేసి అంకెలన్నీ ఆడవాళ్లు. 8 నుంచి 15 వరకు ఉన్నవాళ్లు మూడు మెట్ల పైన, 16 నుంచి 31 వరకు నాలుగు మెట్ల పైన. మీ వృక్షంలో ఆ పెద్దాయన అంకె 16. మీ కొత్త చుట్టాన్ని కూడా ఇలాగే అంకెలు వేసుకోమనండి. పెద్దాయన అంకె ఆయన వృక్షంలో 8 వస్తే ఆయన మీకు బాబాయి, 12 వస్తే మామయ్య. ఎందుకంటే 12లో సగం 6, అందులో సగం 3. మూడు అంటే తల్లి. ఇలా అంకెను సగాలు చేసుకుంటూ కిందికి వస్తే దారి మొత్తం దానంతటదే బయటపడుతుంది. మీ ముత్తాతకు సోదరుడు కాకుండా సోదరి ఉండి, వాళ్లు ఆవిడ వైపు నుంచి వచ్చి ఉంటే ఆ అంకె 10 గానీ 14 గానీ అయ్యేది. 10 అయితే మామయ్య. 14 అయితే, రెండు జంటల్లోనూ ఆడా మగా వచ్చి సరిసంఖ్య అవుతుంది కాబట్టి, మళ్లీ బాబాయే. దారిలో ఇద్దరు ఆడవాళ్లున్నా బాబాయి వరస రావడం మొదటిసారి చూసినప్పుడు నేను నమ్మలేదు. కాగితం మీద రెండుసార్లు గీసి చూశాకే నమ్మకం కుదిరింది.

అయితే ఈ లెక్క అంతా కాగితంలో ఉన్న ప్రతి గీతా నిజమైతేనే. మా ఇంటి వంశవృక్షం రాసేటప్పుడు నేను ఒకే పేరున్న తాతనూ మనవడినీ ఒకరే అనుకుని కలిపేశాను. మధ్యలో రెండు తరాలు మాయమయ్యాయి. ఆ కొమ్మలో నాకు అన్నయ్య కావలసిన ఆయన తాత వరసలో కనిపించాడు. చాలా రోజులు అది అలాగే ఉంది, ఆ తప్పు కాగితాన్నే ఇంకో ఇద్దరికి పంపాను కూడా. పేర్ల పక్కన పుట్టిన ఏళ్లు రాయడం మొదలుపెట్టాక, తండ్రికీ కొడుకుకీ మధ్య 70 ఏళ్లకు పైగా తేడా కనిపించి అప్పుడు తెలిసింది. పంపిన ఇద్దరికీ మళ్లీ రాసి సరిదిద్దమని చెప్పాల్సి వచ్చింది. అందుకే చెబుతున్నాను, పేరు ఒక్కటీ చాలదు. పేరు పక్కన పుట్టిన ఏడు, కనీసం సుమారుగా అయినా రాయండి. తల్లికీ బిడ్డకీ మధ్య 15 ఏళ్ల కంటే తక్కువ గానీ 50 కంటే ఎక్కువ గానీ వస్తే, ఆ గీత దగ్గర ఆగి మళ్లీ చూడండి.

పెద్దవాళ్లను అడిగేటప్పుడు "ఆయన మనకేమవుతారు?" అని అడగకండి. వాళ్లు ఎవరినో ఒకరిని మనసులో పెట్టుకుని, అక్కడి నుంచి వరస చెబుతారు. మీ అమ్మగారు నాన్నగారి వైపు నుంచి చెప్పారో, తన వైపు నుంచి చెప్పారో మీకు తెలియదు. "ఆయన ఎవరి కొడుకు? ఆయన అమ్మ ఎవరి కూతురు?" అని ఒక్కో గీతనే అడగండి. ఇంకా మంచి ప్రశ్న, "మీరు ఆవిడను ఏమని పిలిచేవారు?" పిలిచిన పిలుపు మనుషులకు బాగా గుర్తుంటుంది. మేనత్తగారు ఆ పేరుగలవాళ్లను "అత్తా" అని పిలిచేవారంటే మీ సందేహం సగం తీరినట్టే. సగమే ఎందుకంటే, చుట్టరికం ఏమీ లేకుండా వయసును బట్టి అత్తా, బాబాయ్ అని పిలవడం కూడా మామూలే. ఇంటిపేరు కూడా ఒక ఆధారమే గానీ దాన్నే పట్టుకుని తేల్చేయకండి. వాళ్ల ఇంటిపేరు మీ ఇంటిపేరు కాకపోతే మధ్యలో కూతురి దారి ఉండవచ్చు, దత్తత ఉండవచ్చు, ఎవరైనా పేరు మార్చుకుని ఉండవచ్చు. పాత ఉత్తరాల్లో, దస్తావేజుల్లో ఆ పేరు ముందు శ్రీ అని ఉందో శ్రీమతి అని ఉందో చూస్తే, చాలాసార్లు ఆ ఒక్క మాటే పని పూర్తి చేస్తుంది.

ఇద్దరి మధ్య రెండు దారులు కూడా ఉండొచ్చు. ఎలిజబెత్ రాణీ ఆమె భర్త ఫిలిప్పూ విక్టోరియా రాణి వైపు నుంచి నాలుగు, నాలుగు, అంటే థర్డ్ కజిన్స్. ఇందాక చెప్పిన డెన్మార్క్ రాజు తొమ్మిదో క్రిస్టియన్ వైపు నుంచి ఆమెకు నాలుగు, ఆయనకు మూడు, అచ్చం మీలాగే సెకండ్ కజిన్స్ వన్స్ రిమూవ్డ్. రెండూ నిజమే. ఒక దారిలో ఒకే తరం, ఇంకో దారిలో ఒక తరం తేడా. అమ్మా మేనత్తా చెప్పినవి రెండూ నిజం కావాలంటే ఇలాంటి రెండో దారి ఉండాలి. మీ ఉత్తరంలో దాని జాడేమీ లేదు గానీ, ఎప్పుడైనా ఇంట్లో ఇద్దరు పెద్దవాళ్లు రెండు వరసలు గట్టిగా చెబుతుంటే, ఒకరిది తప్పని తేల్చేముందు రెండో దారి ఉందేమో వెతకండి.

ఈ రోజుల్లో చాలామంది "డీఎన్ఏ టెస్ట్ చేయిస్తే పోలా" అంటారు. మీ ప్రశ్నకు మామూలు టెస్ట్ జవాబు ఇవ్వదు. తోబుట్టువుల మధ్య సగటున 50 శాతం, ఫస్ట్ కజిన్స్ మధ్య 12.5 శాతం, సెకండ్ కజిన్స్ మధ్య 3 శాతం పైచిలుకు డీఎన్ఏ ఒకటే ఉంటుంది. మీకూ ఆయనకూ అయితే సగటున ఒకటిన్నర శాతం. ఈ లెక్క వేసే సూత్రం 1922లో సూయెల్ రైట్ అనే అమెరికా జన్యుశాస్త్రవేత్త ఇచ్చింది: దారిలో ప్రతి మెట్టుకూ సగం చేయడం, ఉమ్మడి పెద్దలు భార్యాభర్తలిద్దరూ అయితే రెండు దారులనూ కలపడం. ఇవన్నీ సగటులే. దూరం పెరిగేకొద్దీ ఒక్కొక్కరిలో చాలా తేడా వస్తుంది. థర్డ్ కజిన్స్‌లో సుమారు పది మందిలో ఒకరికి పట్టుకోగలిగినంత ఉమ్మడి డీఎన్ఏ అసలు ఉండకపోవచ్చు. అలాగని టెస్ట్‌లో ఏమీ రాకపోతే చుట్టాలు కానట్టు కాదు. ముఖ్యంగా, మధ్యలో ఉన్నది ఆవిడా ఆయనా అన్నది మీ ఇద్దరి శాతం చూసి చెప్పలేం, సగటు రెంటికీ ఒకటే. టెస్ట్ చేయించాలనే అనుకుంటే, అందులో ఇంట్లో ఎవరికీ తెలియని విషయాలు కూడా బయటపడవచ్చని ముందే అందరితో మాట్లాడుకోండి. అవి ఒకసారి తెలిశాక మర్చిపోవడం ఎవరి వల్లా కాదు, దానితో బతకాల్సింది మీరొక్కరే కాదు.

ఇక ఆయన్ని ఏమని పిలవాలన్నది. వంశవృక్షంలో రాసే వరస నిజంగా ఉండాలి, అందులో మొహమాటం పనికిరాదు. ఎదురుగా పిలిచే పిలుపు మాత్రం మీరిద్దరూ మాట్లాడుకుని తేల్చుకోవలసింది. రెండేళ్లు చిన్నవాడిని బాబాయి అనడం మీకు ఇబ్బందిగా ఉంటే ఆ మాటే ఆయనతో చెప్పండి. పెద్దవాళ్లు మీ చేత ఆయన్ని బాబాయి అని పిలిపిస్తున్నప్పుడు ఆయనకూ అంతే ఇబ్బందిగా ఉంటుంది.

ఫోన్ చేసినప్పుడు ఇలా అడగండి: "పెద్దాయన మీకు ముత్తాత అన్నారు కదా, అమ్మ వైపు నుంచా, నాన్న వైపు నుంచా?" అమ్మ వైపు అంటే మామయ్య, నాన్న వైపు అంటే బాబాయి. పెట్టేసేముందు ఇంకొకటి కూడా అడగండి, మీ ముత్తాతకూ వాళ్ల తాతగారికీ తల్లి ఒకరేనా అని. తల్లులు వేరైతే వరస మారదు గానీ, ఉమ్మడి పెద్ద ఒక్కరే అవుతారు, ఆ ఒకటిన్నర శాతం సగానికి పడిపోతుంది. ప్రోగ్రాంలో కూడా "హాఫ్" అని మార్చాల్సి ఉంటుంది. ఆయన జవాబు చెప్పేదాకా ఆ పేరు దగ్గర పెన్సిల్‌తోనే రాసి ఉంచండి.